నోట్లో గింజలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా పుట్టింట్లో అనేవాళ్ళు. మెట్టినింట్లోనూ అదే మాట. రెండిళ్ళ వాళ్ళకూ ఒకే అభిప్రాయం కుదిరిన సంగతి నాకు తెలిసి ఇదొక్కటే. మా పుట్టిల్లు ఎమ్మిగనూరుకు ఆనుకుని ఉన్న ఊళ్ళో, పొద్దున లేస్తే మగ్గాలు ఆడే వీధిలో. ఆ చప్పుడు మీదుగా అమ్మను గ్లాసుడు నీళ్ళు అడగాలన్నా అరవాలి. గొంతు అలా పెరిగింది, నేనేం చేసేది? పెళ్ళయి హొళగుంద నుంచి హాలహర్వికి పోయే దోవలో ఉన్న ఈ ఊరికి వచ్చాను. ఇక్కడ మగ్గాలు లేవు, చప్పుడు లేదు, నా గొంతు మాత్రం అట్లాగే మిగిలిపోయింది. నేను ఇంట్లో మాట్లాడితే రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు జవాబు చెప్తారని మా ఆయన అంటాడు. అందులో అబద్ధం లేదు. ఒకసారి చెప్పారు కూడా.

ఆ నోటితో నేను ఒక ఎకరం చేను పాడుచేసిన సంగతి ఇది. మూడేళ్ళవుతోంది. మా పాప ఆ ఏడే పదో తరగతికి వచ్చింది.

మా వైపు దీపావళి దాటితే ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లా, చెంబూ తపేలా, అన్నీ బండిలో వేసుకుని జనం గుంటూరు వైపు పోతారు. మొదట పత్తి తీయడం, తర్వాత మిరపకాయలు కోయడం. మళ్ళీ ఊరు మొహం చూసేది ఉగాది ముందో వెనకో. దీన్ని సుగ్గికి పోవడం అంటాం. సుగ్గి అంటే కన్నడంలో పంట ఇంటికొచ్చే పండగ కాలమని మా అత్త చెప్తుంది. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, ఆమెకు తెలుస్తుంది. ఎవరి పంటో, ఎవరి పండగో!

నేను కూడా సుగ్గి పిల్లనే. నా పదో తరగతి పరీక్షల రోజున నేను ఒక మిరప చేలో ఎండుకాయలు ఏరుతున్నాను. నా హాల్ టికెట్టు మా ఊరి బడిలో బీరువాలో ఉండిపోయింది. పెళ్ళయ్యాక ఎన్నో ఏళ్ళకు ఓపెన్‌లో కట్టి పాసయ్యాను, అందుకే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. కానీ ఆ రోజు చేతుల మంట ఇంకా గుర్తుంది. పాప తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కూడా మాతో సుగ్గికి వచ్చింది. పుస్తకాలు సంచిలో కట్టుకుని తెచ్చుకుంది. ఆ పుస్తకాలు ఇప్పుడు తెరిచినా తుమ్ములొస్తాయి, పేజీల మధ్య అంత మిరపకారం. తొమ్మిది అంటే ఎట్లాగో దాటింది. పదికి పబ్లిక్ పరీక్ష. బడిలో సార్లు ముందే చెప్పారు, ఈసారి మాత్రం తీసుకుపోవద్దని. నేను కూడా నా మనసులో గట్టిగా అనుకున్నాను, ఏమైనా సరే దీన్ని ఆ బండి ఎక్కించకూడదని.

అనుకోవడానికేం, అనుకుంటాం. వాన మన మాట వినాలి కదా. ఆ ఏడు మాకున్న నాలుగెకరాల నల్లరేగడిలో పత్తి వేశాం. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయంటారు. ఆరుద్ర ఒక్కరోజు కురిసి మొహం చాటేసింది. పత్తి మొలిచి, రెండాకులు వేసి, అట్లాగే ఎండకు మాడిపోయింది. చేలో నెర్రెలు ఎంత పెద్దవంటే మా ఆయన చెప్పు ఒకటి అందులో పడితే చెయ్యి పెట్టి తీసుకున్నాడు. ఆగస్టు సగమై మఖ కార్తె వచ్చేసరికి ఆ ఎండిన పుల్లలన్నీ దున్నేశాం. దున్నేసిన మూడో రోజున వాన పడింది. అదీ ఎట్లాంటి వాన, రాత్రంతా, పొద్దున్నే, మళ్ళీ మధ్యాహ్నం. నాకు సంతోషించాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

అంత ఆలస్యంగా వాన పడితే మా నేలల్లో వేయగలిగింది కొర్ర ఒక్కటే. ఎనభై రోజుల పంట. మఖలో వేస్తే చలి ముదిరేలోపు కోసుకోవచ్చు, వెనకాలే మిగిలిన తేమలో శనగ విత్తుకోవచ్చు. కానీ రోజులన్నీ లెక్క. నాలుగు రోజులు వెనక పడితే గింజ పాలు పోసుకునే వేళకు నేలలో తడి ఉండదు. విత్తనాల కోసం ఆదోనికి పోయి వెతికే తీరిక లేదు. మా అత్త లోపల గదిలోంచి ఒక కుండ తెచ్చి మధ్యలో పెట్టింది. దాని మూతికి పేడతో మెత్తి ఉంది. అందులో బూడిద, ఎండిన వేపాకు కలిపిన కొర్రలు. పత్తి మోజులో పడి మేము కొర్ర వేయడం మానేశాక కూడా ఆమె ఏటా పెరట్లో నాలుగు సాళ్ళు వేసి ఆ కుండ నింపుకుంటూ వచ్చింది. మేం నవ్వేవాళ్ళం. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

అప్పటికి ఊళ్ళో అందరూ ట్రాక్టరుతోనే విత్తుతున్నారు. కానీ తడిసిన రేగట్లోకి ట్రాక్టరు దిగితే మళ్ళీ ఎక్కదు. ఎద్దులు కావాలి. మా చేను పక్క చేను ఒక సాయబుది, పెద్దాయన, వరస పెట్టి మామా అని పిలుస్తాం. ఆయనకు ఎద్దులున్నాయి, మూడు పళ్ళ గొర్రు ఉంది. ఒక పూట ఇస్తానన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు మా చేను ముగించుకోవాలి, ఆ తర్వాత ఆయన చేను విత్తుకోవాలి. ఆయన చేలోనూ విత్తే తడి, అదే పదును, ఆగదు కదా.

గొర్రు చూడనివాళ్ళ కోసం చెప్తాను. ముందర ఎద్దులు, వెనక మూడు పళ్ళు నేలను చీలుస్తూ పోతాయి. ఒక్కొక్క పన్ను వెనకా ఒక గొట్టం. మూడు గొట్టాలూ పైన ఒక చెక్క గిన్నెలోకి కలుస్తాయి. ఆ గిన్నె పేరు జడ్డిగం. మగమనిషి ఎద్దులను తోలుతుంటే ఆడమనిషి పక్కన నడుస్తూ, ఒడిలోంచి పిడికెడు పిడికెడు తీసి జడ్డిగంలో వదులుతూ ఉంటుంది. గింజ మూడు గొట్టాల్లోంచీ సమంగా దిగాలి. చెప్పడానికి ఇంతే. కానీ కొర్రగింజ ఆవాల కన్నా సన్నం. పిడికిలి కాస్త వదులైతే గుప్పగా పడుతుంది, బిగిస్తే సాలు ఖాళీ. అందుకే వాగు ఇసుక కలిపి చల్లుతారు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా జడ్డిగం పట్టింది మా అత్త ఒక్కతే. ఆ ఏడు ఆమె మోకాళ్ళు వాచి ఉన్నాయి. గట్టు దాకా నడిచి, అక్కడే కూర్చుని, ఒడి మూట విప్పి నా నడుముకు కట్టింది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. వాళ్ళ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి. విత్తే మనిషి ముందుగా చిటికెడు గింజలు నోట్లో వేసుకోవాలి. నమలకూడదు, మింగకూడదు. చేను అయిపోయేదాకా అట్లాగే ఉంచుకుని, కడపటి సాలులో ఊయాలి. భూమికి ఎంగిలి పెడతారా అని పెళ్ళయిన కొత్తల్లో నేను అడిగాను. ఎంగిలీ కాదు, మొక్కూ కాదు, విత్తేటప్పుడు నోరు మూయించడానికి పెద్దవాళ్ళు పెట్టిన తాళం అంది. నోరు తెరిస్తే కన్ను పక్కకు పోతుంది, కన్ను పోతే చెయ్యి పోతుంది, అంతే సంగతి. ఆ రోజు నా నోట్లో గింజలు వేస్తూ ఆమె అన్న మాట ఇది:

“నీ నోట్లో నువ్వుగింజ నానదంటారు. కొర్రగింజ నానుతాదేమో సూస్తాం.”

పల్లపు చేలో మూడెకరాలు నేను ఒక్క మాట మాట్లాడలేదు. అబద్ధం కాదు, కావాలంటే మామను అడగండి, ఆయన ఎద్దుల వెనక వచ్చి చూసి ఏమ్మా ఒళ్ళు బాగుందా అని అడిగాడు. నా చెయ్యి దానంతట అదే ఆడుతోంది. మా అత్త గట్టు మీద కూర్చుని నాలుగు సాళ్ళు చూసింది, తవ్వి గింజ దూరం చూసుకుంది, తల ఊపింది. ఆ తల ఊపడం కోసం నేను పదిహేడేళ్ళు కాచుకున్నాను. ఇక ఫరవాలేదని ఆమె ఇంటికి పోయింది, సంగటి కెలకడానికి. అదే మేం చేసిన తప్పు.

మిట్ట ఎకరంలోకి వచ్చాం. మిట్టే అయినా రోడ్డు నీళ్ళు దిగి అక్కడ తడి ఎక్కువగా ఉంది, మట్టి పళ్ళకు అంటుకుంటోంది. అంతవరకు పలకని మా ఆయన, ఎద్దుల వైపు చూస్తూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా ఒక మాట అన్నాడు. సుగ్గికి కూలీలను పోగేసే మేస్త్రీ ఫోన్ చేశాడట. దీపావళి కాగానే వస్తామని తను మాట ఇచ్చేశాడట. ముగ్గురం.

ముగ్గురం! నోట్లో గింజలు తూ అని ఊసేశాను. ఇంకేముంది, మొదలైంది. పాప పరీక్ష సంగతి, సార్లు చెప్పిన సంగతి, నా హాల్ టికెట్టు సంగతి, వాళ్ళ అక్క పెళ్ళిలో నాకు జరిగిన అవమానం సంగతి, ఏదీ వదల్లేదు. ఆయనా తక్కువ తినలేదు. పత్తి పోయింది, ఏడాది పొడుగూ ఏం తిని బతుకుతామో చెప్పమన్నాడు. నన్ను పోషించమని నేను అడగలేదన్నాను. మరి ఎవరిని అడిగావన్నాడు. ఎద్దులు నడుస్తున్నాయి, గొర్రు నడుస్తోంది, నా చెయ్యి పోస్తూనే ఉంది. నా కళ్ళు మాత్రం ఆయన వీపు మీద ఉన్నాయి. పోతూ వస్తూ ఎన్ని తిరుగుళ్ళు తిరిగామో నాకు తెలియదు. వేపచెట్టు దగ్గరికి వచ్చాక ఆయన ఎద్దులను ఆపి, గొర్రు ఎత్తి, పళ్ళకు అంటిన మట్టిని కర్రతో విసురుగా కొట్టాడు. అది మట్టి మీది కోపం కాదని నాకు తెలుసు.

“గాదె నిండితే ఉందాము. నిండకపోతే పోదాము. ఇంగ నువ్వు గమ్మునుండు” అన్నాడు.

మా ఇంట్లో ఉన్నది ఒకటే గాదె. వెదురుతో అల్లి, పేడా మన్నూ మెత్తినది, నా భుజం ఎత్తు ఉంటుంది. అది నిండితే మళ్ళీ పంట దాకా నలుగురికి తిండి, రేపటికి విత్తనం. పై ఖర్చులు శనగ చూసుకుంటుంది. న్యాయమైన మాటే. సరేనన్నాను. మిగిలిన కాస్త చేనూ ఇద్దరం మూతులు ముడుచుకుని విత్తాం. కుండ ఖాళీ అయింది. ఎద్దులను మామకు అప్పజెప్పాం.

అయిదో రోజున చేలో పచ్చదనం కనబడింది. పల్లపు చేను చూస్తే కడుపు నిండిపోయింది, దువ్వెనతో దువ్వినట్టు సాళ్ళు. అక్కడి నుంచి మిట్టకు ఎక్కాను. రెండు సాళ్ళు పచ్చగా, దట్టంగా, గుబురు గుబురుగా ఉన్నాయి. మూడోది ఖాళీ. మళ్ళీ రెండు సాళ్ళు, మళ్ళీ ఖాళీ. చేను పొడుగునా అంతే. నేను వంగి మట్టి తవ్వి చూశాను. గింజ లేదు. వేపచెట్టు మొదట్లో, ఆయన గొర్రు ఎత్తి కొట్టిన చోట, చేటంత మేర కొర్ర మొలకలు ఒకదాని మీద ఒకటి పడి మొలిచి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. నడిమి గొట్టం మట్టితో పూడిపోయింది. నేను పోసిన గింజలు అందులో నిలబడిపోయి, తక్కినవి పక్క రెండు గొట్టాల్లోకి దిగాయి. ఆయన కొట్టిన దెబ్బకు ఊడి ఒక్కచోట పడ్డాయి. ఒక్కసారి జడ్డిగం వైపు చూసి ఉంటే తెలిసిపోయేది. నేను చూడలేదు. నేను మాట్లాడుతున్నాను.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, మొదట నేను చీమల మీద పెట్టాను. చీమలు ఎత్తుకుపోయాయేమో అన్నాను మా ఆయనతో. చీమలు సాలు తప్పకుండా వరస పెట్టి ఎత్తుకుపోయాయా అన్నాడు ఆయన. మర్నాడు మా అత్త కర్ర పట్టుకుని వచ్చింది. మిట్ట చేలో మొదటి ఖాళీ సాలు దగ్గర ఆగి, అక్కడి నుంచి వేపచెట్టు దాకా మెల్లగా చూపు నడిపించింది. మాలో ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు.

“ఈడ మొదులైంది మీ జగడం” అంది కర్ర చూపించి. “ఆ యాపసెట్టు కాడ సల్లారింది.”

భూమిలోకి పోవాలనిపించింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఎకరం చేనులో మూడో వంతు అంటే గాదెలో ఎంత తగ్గుతుందో నాకు తెలుసు. విత్తనం కుండ ఖాళీ. పాపను బండి ఎక్కనివ్వనని అరిచి అరిచి, ఆ అరుపుతోనే పాపకు బండిలో చోటు చేశాను. ఊళ్ళో వాళ్ళకు మాత్రం పండగ. మా మిట్ట చేను రోడ్డు పక్కనే ఉంది. బస్సు దిగిన ప్రతివాడూ దాన్ని చూడటమే. మొగుడూ పెళ్ళాల మాటలకు నడిమి సాలు ఎండిపోయిందట అని బోరు దగ్గర ఒకామె నాకు వినపడేలా అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఇంకొకామె అందుకుంది. నేను జవాబు చెప్పలేదు. నేను జవాబు చెప్పకపోవడం చూసి వాళ్ళకే భయమేసింది.

దారి చూపించింది మళ్ళీ మా అత్తే. రాగినారు పోసి నాటుకోమా, ఇదీ అట్లాగే అంది. పక్క సాళ్ళు గుబురుగా ఉన్నాయి కదా, ఎట్లాగూ పలచన చేయాలి. పీకి పారేసేది ఖాళీ సాలులో పెట్టమంది. కానీ ఎండ కాసిందంటే పీకిన మొక్క సాయంత్రానికి వాడిపోతుంది. ముసురు కావాలి. పుబ్బ కార్తె మొదట్లో, మొలకలు జానెడు లేచాక, దేవుడు చూశాడు. నాలుగు రోజులు ముసురు పట్టింది. కుండపోత కాదు, చినుకు ఆగదు. ఆ నాలుగు రోజులూ నేనూ మా ఆయనా వంచిన నడుము ఎత్తలేదు. నెత్తిన యూరియా సంచి మడిచి కప్పుకుని, రెండు మొక్కలు వేరుతో పీకడం, వేలితో గుంట పొడవడం, పెట్టి నొక్కడం. వేపచెట్టు మొదట్లో పడ్డ గుత్తి మాకు నారుమడి అయింది. మామ తన కోడళ్ళిద్దరినీ ఒక పూట పంపించాడు, అడగకుండానే. మా అత్త గట్టు మీద కూర్చుని ఎవరి వేలు లోతుగా పోవడం లేదో చెప్తూ ఉంది. మేం తిట్టుకోలేదు. మూడో రోజున మాత్రం మా ఆయన, నువ్వు మాట్లాడకపోతే నాకు నడుము నొప్పి ఎక్కువ తెలుస్తోంది, ఏదైనా చెప్పు అన్నాడు. అప్పుడు మాట్లాడాను. చేతులు ఆపలేదు, కళ్ళు మొక్క మీదే ఉంచాను.

నాటినవాటిలో కొన్ని పోయాయి. ఎక్కువ బతికాయి. నేను ప్రతి పొద్దునా పోయి లెక్క పెట్టుకునేదాన్ని, బిడ్డకు జ్వరం తగ్గిందా అని నుదురు తాకి చూసినట్టు. బతికాయి కానీ వెనకబడ్డాయి. పక్క సాళ్ళు నక్కతోకల్లాంటి కంకులు వంచి పసుపు రంగుకు తిరిగేవేళకు నాటిన సాళ్ళు ఇంకా పచ్చగా తలెత్తి చూస్తున్నాయి. దాంతో మిట్ట ఎకరాన్ని రెండుసార్లు కోయాల్సి వచ్చింది. ముందు పల్లపు చేను కోసి, మిట్టలో పండిన సాళ్ళ కంకులు తుంచుకుని, కళ్ళంలో ఆరబోసి, తొక్కించి, గాలి చూసి తూర్పారబట్టాం. పల్లంలో వెంటనే శనగ విత్తేశాం. గాదెలో పోశాం. ఎంత పోసినా ఇంకా మింగుతూనే ఉంది గాదె. ఆఖరి చేట పడ్డాక నేను చెయ్యి పెట్టి చూశాను. జానెడు మీద బెత్తెడు తక్కువ.

దీపావళి దాటిపోయింది. వీధిలో రెండిళ్ళకు తాళాలు పడ్డాయి. పాప బడి నుంచి వచ్చేది, చదువుకునేది, పుస్తకాలన్నీ మళ్ళీ సంచిలో సర్ది ముడి వేసి మూలకు పెట్టేది. ఏ రోజైనా బయల్దేరమంటారని ముందే సిద్ధంగా ఉండటం. ఆ ముడి చూస్తే నాకు అన్నం దిగేది కాదు. పది రోజులకు మిట్టలో నాటిన సాళ్ళు కూడా పండాయి. కంకి చిన్నది, కానీ గింజ గట్టిది. కోసి, కొట్టి, ఇంటికి తెచ్చాం. మామ ఎద్దులను తోలిపెట్టి రావడానికి మా ఆయన పోయాడు. మా అత్త, నేను కలిసి గాదెలో పోశాం. చేట చేటకూ నేను లోపలికి తొంగి చూస్తున్నాను. అంతా అయిపోయింది. చివరి గింజ దాకా విదిలించాం. అంచుకు ఇంకా జానెడు వెలితి.

జానెడే. కానీ మాట మాటే కదా, నిండితే అన్నాడు. నేను చెయ్యి బయటికి తీసి మా అత్త మొహం చూశాను. ఆమె నా మొహం చూడలేదు. మూత ఎత్తి గాదె మీద పెట్టింది. పక్కనే తట్టలో కలిపి ఉంచిన పేడా మన్నూ తీసి మూత చుట్టూ మెత్తడం మొదలుపెట్టింది. నేను ఏదో అనబోయాను.

“సుమ్నె ఇరవ్వా” అంది కన్నడంలో. ఊరుకోమని. తర్వాత తెలుగులో అంది, “నిండినాది. నేను సూసినా.”

మా ఆయన వచ్చేసరికి మూత తడి ఆరుతోంది. ఏమైందని అడిగాడు. నిండింది అని చెప్పింది వాళ్ళమ్మ, చేతులు కడుక్కుంటూ. ఆయన గాదె దగ్గరికి పోయి ఒక చెయ్యి దాని మీద వేసి, రెండుసార్లు తట్టి, నిలబడ్డాడు. సరే అన్నాడు. పాప అవతలి గదిలోంచి అంతా వింది. ఆ సాయంత్రమే సంచి ముడి విప్పి పుస్తకాలన్నీ గూట్లో పేర్చుకుంది. దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆయన మూత తీసి చూస్తే ఏమవుతుంది? ఆయన మాట మీద నిలబడే మనిషి. నేను మాట్లాడే మనిషిని. ఏ నిమిషాన నా నోరు జారుతుందో నాకే తెలియదు. నాలుగు రోజులు ఆయన ఎదురుగా కూర్చుని అన్నం కూడా తినలేదు.

అయిదో రోజున మిట్ట ఎకరంలో శనగ విత్తడానికి పోయాం. ఆలస్యమే, కానీ మధ్యలో ఒక చిన్న తుంపర పడి పదును తెచ్చింది. అవే ఎద్దులు, అదే గొర్రు. మా అత్త గట్టు దాకా వచ్చి, ఈసారి నా నోట్లో అయిదు శనగగింజలు వేసింది. ఇంటికి పోలేదు, కూర్చుంది. ఒకసారి అయింది కదా.

సగం విత్తాం. రోడ్డు మీద మోటారుసైకిలు ఆగింది. మేస్త్రీ. చెడ్డవాడేం కాదు, మా ఊరివాడే, ఆయనకూ మనుషుల్ని కూర్చాల్సిన తొందర. గట్టు మీదికి వచ్చి అక్కడి నుంచే కేకేశాడు.

“ఏమన్నా, ఎల్లుండి బండి పోతాది. ముగ్గురే కదా?”

నా పిడికిలి బిగుసుకుపోయింది. లేదు, ఇద్దరం కూడా కాదు, ఎవరం రాము అని అరవాలని గొంతు దాకా వచ్చింది. నోట్లో గింజలు. ఊసేయబోయాను. గట్టు మీద మా అత్త నన్నే చూస్తోంది. మూసుకున్నాను. మా ఆయన ఎద్దులను ఆపలేదు. నడుస్తూనే తల తిప్పి చెప్పాడు.

“లేదప్పా. ఈతూరి మేం రాము. పాపకు పరీచ్చ ఉంది. గాదె నిండినాది.”

మేస్త్రీ సరేనని చెయ్యి ఊపి పోయాడు. అంతే. మోటారుసైకిలు చప్పుడు హాలహర్వి వైపు తగ్గిపోయింది. ఇన్నాళ్ళు నేను అరిచి, ఏడ్చి, నడుం విరగ్గొట్టుకుని కాచుకున్న మాట అంత చిన్నగా వచ్చి పోయింది. నా కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు, ఒకటి ఒడిలో, ఒకటి జడ్డిగంలో. నాలుగడుగులు పోయాక మా ఆయన వెనక్కు తిరగకుండానే, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

“జానెడు తక్కువుందని నాకు తెల్దనుకున్యారా అత్తా కోడండ్లు? తడితే డొల్లగా పలకదా గాదె?”

నేను ఏం చెప్పగలను, నోట్లో గింజలు. ఆ రోజు గాదె మీద చెయ్యి వేసి నిలబడ్డది అందుకన్నమాట. తెలిసే సరే అన్నాడు. తెలిసే ఇప్పుడు నిండిందన్నాడు. పదిహేడేళ్ళలో ఆయనకు నేను జవాబు చెప్పకుండా వదిలేసిన మాట ఇదొక్కటే.

“గొట్టాలు సూసుకో” అన్నాడు మళ్ళీ.

చూసుకున్నాను. కళ్ళు మసకగా ఉన్నా, మూడు గొట్టాల్లోంచీ గింజ దిగుతోందా లేదా అని అడుగడుగుకూ చూసుకుంటూ నడిచాను. కడపటి సాలు దగ్గరికి వచ్చాక వంగి నోట్లో ఉన్నవి మట్టిలో వదిలాను. అయిదు శనగగింజలూ ఉబ్బి ఉన్నాయి. బాగా నానాయి.